జీతానికి కుదిరిన న్యాయం

బాన్సువాడ బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో ఆ పొద్దున మేం ముగ్గురం కూర్చున్నాం. ఒకాయన నా పాత దోస్తు, వెనకటి అంబేడ్కర్ యువజన సంఘం మనిషి. కేసు ఎవరిదైనా సరే, భుజానికి సంచి తగిలించుకుని ఠాణా నుంచి కోర్టు మెట్ల దాకా నడిచేవాడు. ఎవరి దగ్గరా ఒక్క పైసా ముట్టలేదని ఆయనకు గర్వం. రెండో మనిషి ఆయన అన్న బిడ్డ. హైదరాబాదులో ఎమ్మెస్‌డబ్ల్యూ చదివి, ఒక స్వచ్ఛంద సంస్థలో కమ్యూనిటీ ఆర్గనైజర్‌గా చేస్తున్నది. కులవివక్ష మీద ఊళ్లలో మీటింగులు, బళ్లలో పాఠాలు, అవసరం పడితే కేసులు. నెలనెలా జీతం, పీఎఫ్, లీవులు ఉన్నాయి. పేచీ అంతా ఆ జీతం దగ్గరే.

నిజామాబాదు (మా నోట ఇందూరు) బస్సుకు ఇంకా టైముంది. విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో నేను ఎటు మొగ్గానో కూడా దాచను.

ముందు రోజు 30వ తారీకు. నెలనెలా ఆ రోజున ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి. తహసీల్దారు, ఎస్సై వచ్చి బడి వరండాలో కుర్చీలేసుకుని, మీ ఊళ్లో అంటరానితనం ఉందా అని అడుగుతారు. ఊరంతా ‘లేదు సార్’ అంటుంది. రిజిస్టరులో సంతకాలు, ఒక ఫోటో, తలా ఒక చాయ్. ఈ అమ్మాయి కూడా అట్లాంటి మీటింగుకే పోయి వచ్చింది.

చిన్నాయన: ‘లేదు సార్’ అన్న సంతకాల్ల నీది గూడ ఉన్నదా బిడ్డా?

బిడ్డ: ఉన్నది. వచ్చినట్టు పెట్టిన. లేదన్నట్టు పెట్టలే.

చిన్నాయన: రెండిటికీ ఒక్కటే గీత ఉంటది ఆ రిజిస్టర్ల.

బిడ్డ: హోటల్ల రెండు గ్లాసుల పద్ధతి ఉన్నదా అని అడిగిండు ఎస్సై. లేదన్నరు. నిజంగనే లేదు చిన్నాయనా. ఇగో చూడు, అందరికీ గీ పేపర్ కప్పే. మీ జమానాల గ్లాసు పగలగొట్టి కొట్లాడిండ్రు. ఇప్పుడు పగలగొడుదామంటే గ్లాసే లేకపాయె. కాని నాట్లప్పుడు పొలం కాడ చూడు. రైతు ఇంటినుంచి చాయ్ కెటిల్ వస్తది. దాని ఎంట స్టీలు గ్లాసులు నాలుగు, పేపర్ కప్పుల కట్ట ఒకటి. స్టీలు గ్లాసు ఎవరి చేతికి పోతదో, కప్పు ఎవరి చేతికి వస్తదో నేను రెండు సీజన్లు గట్టు మీద కూసుండి చూసిన. మంచిగ నవ్వుకుంటనే ఇస్తరు. తాగినోళ్లు కప్పు నలిపి పారేస్తరు. కడుగుడు లేదు, ఇచ్చినోళ్లకు తప్పు చేసినమన్న సోయి లేదు. ఎస్సై అడిగే ప్రశ్న 1980లది, ఊరు 2020లల్ల ఉన్నది. కొత్త ప్రశ్న దొరకాలంటే ఆర్నెల్లు ఆ గట్ల మీద తిరగాలె. తిరగాలంటే మనిషి కావాలె. మనిషికి కూడు కావాలె. నాకు జీతమెందుకంటవా, అందుకే.

నా చేతిలో కూడా పేపర్ కప్పే ఉంది. ఇన్నేళ్లుగా తాగుతున్నాను గాని దాన్ని అట్లా ఎన్నడూ చూడలేదు. అక్కడికి ఆ అమ్మాయే గెలిచిందనుకున్నాను. మా దోస్తు మాత్రం అంత తొందరగా ఓడేవాడు కాదు.

చిన్నాయన: జీతమన్న మాట నీకు తియ్యగ ఉన్నది బిడ్డా. మా నాయినకు చేదు. పెండ్లికి తెచ్చిన అప్పుకు మా తాత దొర దగ్గర జీతమున్నడు. తాత సచ్చినంక మా నాయిన ఉన్నడు. జీతగాడంటే ఎవరో నీకు పుస్తకంల ఉంటది, నాకు ఇంట్ల ఉన్నది.

ఇక్కడ ఒక మాట. ‘జీతం ఉండడం’ అంటే మా దిక్కున ఉద్యోగం చేయడం కాదు. అప్పు తీరేదాకా ఆసామి ఇంట్లో, పశువుల కొట్టంలో, పొలంలో పగలూరాత్రీ పడి ఉండడం. అప్పు తీరదు. దాన్నే కాగితాల మీద భగేలా అన్నారు. నిజాం సర్కారు 1936లోనే భగేలా ఒప్పందాల మీద నిబంధనలు తెచ్చింది. దేశం మొత్తానికీ వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో గానీ రాలేదు. ఆ నలభై ఏళ్లూ కాగితం ఒక తీరు, కొట్టం ఒక తీరు.

చిన్నాయన: జీతమిచ్చినోని ముంగట నోరు లేవది. మా ఇంట్ల రెండు తరాలకు తెలిసిన సంగతి గిది. తారకం సారు ఇందూరుల వకీలుగ ఉన్నప్పుడు మమ్ముల దగ్గరికి తీసిండు. 1970లల్ల యువజన సంఘం పెట్టిండు. కూలీల కేసులు, భూముల కేసులు. ఎమర్జెన్సీల జైలుకు గూడ పోయిండు. ఎవరిచ్చిండ్రు ఆయనకు టీఏలు? ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అని పుస్తకం రాసిండు. సైకిల్ క్యారేజీకి కట్టుకుని ఊర్లల్ల తిరిగి చదివి వినిపించినం. ఠాణాకు పిలిస్తే ఏం అడగాలె, ఎక్కడ సంతకం పెట్టొద్దు, గంతే పాఠం. చదువు రానోనికి గూడ ఎక్కింది. ఇంతకన్న పెద్ద సామాజిక న్యాయం చదువేంది? కారంచేడుల దళితులను ఊచకోత కోసినప్పుడు, 1985ల, ఆయన హైకోర్టుల సర్కారు ప్లీడరు. రాజీనామా ముఖాన కొట్టి మందిల కలిసిండు. జీతం ఇడిసినంకనే పూర్తి మనిషయిండు.

బిడ్డ: తారకం సార్ మీద నాకు గూడ మస్తు గౌరవం. కాని ఒక్కటి చెప్పు. ఆయన భార్య విజయభారతి మేడం ఇందూరుల ఏం చేస్తుండె?

చిన్నాయన: లెక్చరరు.

బిడ్డ: నెలనెలా జీతమొచ్చేది గదా. ఆమె ఉత్తగ కూసోలే, అంబేడ్కర్ జీవితచరిత్ర తెలుగుల రాసింది. ఇంట్ల ఒక జీతం నిలకడగ ఉంటే రెండో మనిషికి ఎంత ధైర్యమో నీకు తెల్వదా? పోనీ పెద్దోళ్ల సంగతి మనకెందుకు. మన ఇంటికే రా. నువ్వు కోర్టుల పొంటి తిరిగిన ముప్పై ఏండ్లు పొయ్యిల పిల్లి పండకుండ ఎట్ల గడిచింది?

ఆయన మాట్లాడలేదు.

బిడ్డ: చిన్నమ్మ బీడీలు చేసింది. పొద్దుగాల లేచి తునికాకు నానబెట్టాలె, రేకు పెట్టి కత్తెరతోని ఆకు కోయాలె, చాట ఒళ్లె పెట్టుకుని తంబాకు నింపి చుట్టాలె, దారం కట్టాలె, మూతి ముడవాలె. వెయ్యి చేస్తేగాని ఆ రోజు కూలి లెక్కకు రాదు. కార్ఖాన్ల మునీము నాలుగు కట్టలు పక్కకు తీసి మంచిగ లెవ్వంటే గవి పాయె. మీ సంఘం మీటింగులు మన ఇంట్లనే గదా అయ్యేటియి. నేను చిన్నదాన్ని, అందరికీ చాయ్ నేనే ఇచ్చేదాన్ని. మీరు సమానత్వం గురించి మాట్లాడుతుంటే, చిన్నమ్మ గోడకు ఒరిగి చుట్టుకుంటనే ఉండేది. ఇప్పుడు బొటనవేలు మొన మొద్దువారి, ఫోన్ల వేలిముద్ర వడదు. బీడీ పింఛనుకు పోతే వడకనే తిప్పి పంపిండ్రు. నీ ఉద్యమానికి జీతం లేదని ఎవరన్నరు? ఆమె ఇచ్చింది.

ఇది నాకు కూడా తగిలింది. మా ఇంట్లోనూ ఒక చాట ఉండేది. దాని గురించి నేను ఇంతవరకు ఒక్క వాక్యం రాయలేదు.

మా దోస్తు కప్పు అంచును గోటితో విప్పుతూ చాలాసేపు ఊరుకున్నాడు. కోపం రాలేదు. వస్తుందనుకున్నాను.

చిన్నాయన: నిజమే. ఆమెను ఏనాడూ సభ్యురాలుగ రాయలే మేం. సరే. నీ జీతం తప్పని అనను తియ్. నీ పాఠం చెప్పు. మొన్న బడిల ఏందో ఆట ఆడిపిచ్చినవట.

బిడ్డ: అది... ట్రైనింగుల నేర్పిన ఆట. పిల్లలందర్ని ఒక గీత మీద నిలబెట్టి ప్రశ్నలడుగుతం. మీ ఇంట్ల పుస్తకాలు ఉన్నయా, ఉంటే ఒక అడుగు ముందుకు. మీ అమ్మానాయినల పనిని ఎవరన్న ఎక్కిరించిండ్రా, అయితే ఒక అడుగు ఎనుకకు. ఆఖరుకు ఎవరు ఎక్కడున్నరో అందరికీ కనవడ్తది. అమెరికాల జాతివివక్ష మీద పాఠాలు చెప్పేటోళ్లు ఆడిపిస్తరు.

చిన్నాయన: ఆఖర్న ఎవరున్నరు?

బిడ్డ: డప్పు కొట్టే ఇంటి పోరడు. గోడకు తాకిండు. ఎనుకకు ఇగ జాగ లేదు.

చిన్నాయన: ఎనుకవడ్డోన్ని అందరి ముంగట ఎనుక నిలవెట్టుడు కొత్త పాఠమా బిడ్డా? మా పంతులు రోజూ చేసేటోడు. దానికి ట్రైనింగు గూడ తీసుకోలే.

బిడ్డ: ఆ రోజే బందు చేసిన. వాడు నాలుగు రోజులు బడికి రాలే. ఇంటికి పోయిన. వాళ్ల నాయిన డప్పు కాపుతున్నడు. నన్ను చూసి పోరడు లోపలికి పోయిండు. రిపోర్టుల మాత్రం ‘కార్యక్రమం విజయవంతం, 42 మంది విద్యార్థులు’ అని రాసిన. ఆ ఒక్కటి నన్ను ఇంకా గుచ్చుతది.

చిన్నాయన: రిపోర్టు ఎవరు చదువుతరు?

బిడ్డ: హైదరాబాదు ఆఫీసుల. ఆడ్నుంచి పైసలిచ్చేటోళ్లు.

చిన్నాయన: ఊరు?

బిడ్డ: ఇంగ్లీషుల ఉంటది.

చిన్నాయన: నా నొప్పి గది. పైసలు తీసుకుంటే తీసుకో, లెక్క ఎవరికి చెప్పుతున్నవ్? పేపర్ల చదివిన. అమెరికాల ఆ నల్లాయనను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి సంపినంక, 2020ల, ప్రతి కంపెనీ గీ పాఠాలకు మనుషులను పెట్టుకున్నది. 2025 జనవరిల కొత్త అధ్యక్షుడు కుర్చీల కూసున్న నాడే సంతకం పెట్టిండు, సర్కారు ఆఫీసులల్ల గా నౌకర్లన్నీ బందు. జీతంతోని వచ్చిన న్యాయం జీతంతోనే పోయింది. మన దగ్గర గంతే. విదేశీ పైసల చట్టం 2020ల మార్చిండ్రు. ఒక సంస్థ ఇంకో సంస్థకు పైసలు పంపొద్దన్నరు. ఆఫీసు ఖర్చు నూటికి 50 దాక ఉండొచ్చన్నది 20కి దించిండ్రు. మన దిక్కు చిన్న చిన్న సంస్థలు బోర్డులు పీకేసినయి.

బిడ్డ: అమెరికా సంగతి సగమే చెప్తున్నవ్. 1960లల్ల అక్కడ దక్షిణాది ఊర్లల్ల నల్లోళ్లతోని ఓటు రాయించిన పిల్లలు ఉండిరి, విద్యార్థుల సంఘం వాళ్లు. వారానికి 10 డాలర్ల జీతం. పన్ను పోను చేతికి 9 డాలర్ల 64 సెంట్లు. తూటాలు తగిలిన ఇండ్లల్ల పండుకున్నరు. వాళ్లను జీతగాళ్లంటవా? శంకరన్ సారు ఐఏఎస్, సర్కారు జీతమే తీసుకున్నడు. వెట్టి చట్టాన్ని ఊరూరా అమలు చేపిచ్చిందెవరు మరి?

చిన్నాయన: అందుకే గదా ఇక్కడ ఉండనియ్యక త్రిపురకు పోయిండు.

బిడ్డ: పోయినా, వెట్టి ఇడిసినోళ్లు ఇడిసిండ్రు గదా, మళ్ల కొట్టంలకు పోలే. మన పక్కనే వర్ని. హేమలతా లవణం గారు కవి జాషువా బిడ్డ, గుంటూరు దిక్కు మనిషి. ఆడికొచ్చి జోగినుల కోసం చెల్లి నిలయం పెట్టింది. దేవత పేరు మీద ఇడిసిన ఆడపిల్లలు ఊరి పెద్దమనుషుల పాలైతుంటే అప్పటిదాక ఏ సంఘం మాట్లాడింది? 1988ల చట్టమొచ్చింది. ఉత్త ఉపన్యాసాలతోని వచ్చిందా? ఉండనీకి జాగ, కుట్టుమిషన్లు, పిల్లలకు చదువు, వీటన్నిటికీ సంస్థ కావాలె, లెక్కల పుస్తకం కావాలె, నెల జీతానికి మనిషి కావాలె.

చిన్నాయన ఇక్కడ ఒప్పుకున్నట్టే కనబడ్డాడు. వెంటనే దళితబంధు మీదికి దూకాడు. 2021లో ఆ పథకాన్ని మండలం మొత్తానికి వర్తింపజేస్తామని ఎంచిన నాలుగు మండలాల్లో పొరుగునున్న నిజాంసాగర్ ఒకటి, ఒక్కో దళిత కుటుంబానికి 10 లక్షలు. లిస్టులో పేరు కోసం తిరిగినవాళ్లు ఒక్కరైనా గ్లాసు గురించి అడిగారా అని ఆయన ప్రశ్న. ‘సొంత ట్రాక్టరు ఉన్నోడు, ఊరు వెలివేసినా పొలం దున్నుకుంటడు చిన్నాయనా’ అని ఆమె జవాబు. ఈ ఒక్క మాట మీద ఒక పుస్తకం రాయొచ్చు. ఎందుకంటే ఈ జిల్లాలో వెలి అంటే ఇప్పుడు హార్వెస్టరే.

వివరంగా చెప్పాలి. పాత ఇందూరు జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీ అంటే ఊరికి రెండో సర్కారు. అందరూ వీడీసీ అంటారు. గుడి కట్టేది అదే, బెల్టు షాపు వేలం వేసేది అదే, జుర్మానా వేసేది అదే. దానికి చట్టంలో చోటు లేదు, ఊళ్లో తిరుగులేదు. వర్ని దిక్కు ఒక ఊళ్లో చావుకు ఉత్తగా డప్పు కొట్టనని ఒకాయన అన్నాడు. కొడితే కూలి ఇయ్యమన్నాడు. వీడీసీ కూర్చుని ఆ ఇంటితో మాట బందు పెట్టింది. కిరాణంలో ఉప్పు లేదు. వాటర్ ప్లాంటులో క్యాను నింపరు. ఆటో ఆగదు. అర ఎకరం వరి ఎర్రబడి నిలుచుంటే హార్వెస్టరువాడు పక్క మడి దాకా వచ్చి మళ్లిపోయాడు. ఇంటిల్లిపాదీ కొడవళ్లతో కోసుకున్నారు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించినప్పుడు సాంఘిక, ఆర్థిక బహిష్కరణను కూడా నేరాల్లో చేర్చారు. ఆ సెక్షన్ చూపించి ఫిర్యాదు రాయించింది ఈ అమ్మాయే. ఇవే వీడీసీలు కల్లు గీసే గౌండ్లోళ్లను వెలివేసినప్పుడు ఆ చట్టం పనికిరాదు, వాళ్లు బీసీలు. ఎవరిని వెలివేసినా నేరమే అని మహారాష్ట్ర 2016లో చట్టం చేసుకుంది. మనకు అది లేదు.

చిన్నాయన: ఆ కేసు ఏమైంది చెప్పు సారుకు.

బిడ్డ: ఇయ్యాల్నే సాక్ష్యం. అందుకే పోతున్న.

చిన్నాయన: మీ ప్రాజెక్టు?

బిడ్డ: మార్చిల అయిపోయింది.

చిన్నాయన: ఆ మనిషికి అయిపోలే. ఆయన ఇంకా ఆ ఊర్లనే ఉన్నడు. రాజీ చేసుకో, పొలానికి హార్వెస్టరు పంపుతం అంటున్నరట. మీరు కేసు రాయించి, ఫోటో తీసుకుని, ఇంకో మండలానికి పోయిండ్రు. చెప్పు, తప్పు ఎవరిది?

బిడ్డ: ఆఫీసుల అడిగిన. ఆ ఊరు ఇప్పుడు మన పరిధిల లేదన్నరు. అందుకే సెలవు పెట్టి పోతున్న.

చిన్నాయన: సెలవు పెట్టి చేసేదేమో మా పని. జీతానికి చేసేది నీ పని. నా మాట నువ్వే ఒప్పుకుంటివి గదా.

అమ్మాయి మొహం ఎర్రబడింది. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన దెబ్బ సరిగ్గానే తగిలింది. కానీ ఆయన ఆ మాట అని మీసం మీద చెయ్యి వేసుకోవడం నాకు నచ్చలేదు. అది ఆమెకూ నచ్చలేదు.

బిడ్డ: మరి నువ్వు? ఏ ప్రాజెక్టూ లేదు, ఏ ఆఫీసూ లేదు. బాన్సువాడ నుంచి వర్ని ఎంత దూరం? ఈ మూడు నెలల్ల ఒక్కసారన్న ఆయన ఇంటికి పోయినవా?

చిన్నాయన: మోకాళ్లు...

బిడ్డ: మోకాళ్లకు గూడ పరిధి ఉంటదా చిన్నాయనా?

చాయ్ పిల్లాడు వచ్చి ఖాళీ కప్పులు తీసుకుపోయాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను నా వంతుగా ఏదో మధ్యేమార్గం చెప్పబోయాను. జీతం ఉండొచ్చు గాని లెక్క వాడకు చెప్పాలి, తెలుగులో రాసిన రిపోర్టు ముందు వాడకట్టులో చదివి, తర్వాతే హైదరాబాదుకు పంపాలి, అట్లాంటిది. ‘మీ సంఘం విగ్రహం చందాల లెక్క వాడకు చదివిండ్రా సార్’ అని ఆమె నన్నే అడిగింది. నేను నోరు మూసుకున్నాను. 1991 నాటి ఆ చందా పుస్తకం ఎవరింట్లో ఉందో ఇప్పటికీ ముగ్గురు మూడు పేర్లు చెబుతారు.

బస్సు వచ్చింది. ఆమె సంచి తీసుకుని లేచింది. మా దోస్తు కూడా లేచాడు, బల్ల అంచు పట్టుకుని, ఒక మోకాలు తర్వాత ఒకటి సరిచేసుకుంటూ. ఎక్కడికి అని నేనడగలేదు. మెట్ల దగ్గర ఆమె చెయ్యి చాపితే పట్టుకోలేదు, కడ్డీ పట్టుకుని ఎక్కాడు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను.

కండక్టరు ఆమె ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితం గనక జీరో టికెట్ ఇచ్చాడు. ఆయన లోపలి జేబులోంచి నోట్లు తీసి, రెండుసార్లు లెక్కపెట్టి, తన టికెట్ తీసుకున్నాడు. అలవాటుగా దాన్ని చుట్టి కిటికీలోంచి పడేయబోయి ఆగాడు.

‘బిడ్డా, గీ టికెట్ మీ ఆఫీసుల ఇస్తే పైసలు ఇస్తరా?’

‘సెలవుల పోయేదానికి ఇయ్యరు చిన్నాయనా.’

‘మరి మీ చిన్నమ్మకు చూపిస్త తియ్’ అని టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.